దినదినము దేవునితో నడచిన అజరయ్యగారు



ఆదికాండము ఐదవ అధ్యాయమును మనలో చాలమంది త్వరత్వరగా చదివి దాటిపోవుదుము. పేర్లు, వయస్సులు, మరణములు తప్ప అందులో మరేమియు లేనట్లు తోచును. అయితే ఆ వరుసలో హనోకు వద్దకు వచ్చునప్పటికి మాట మారుచున్నది. మెతూషెల పుట్టిన తరువాత మూడు వందల సంవత్సరములు ఆయన దేవునితో నడచినట్లు అక్కడ తెలియుచున్నది. ఆయన సముద్రమును పాయలు చేసినట్లుగాని, రాజుల యెదుట నిలిచినట్లుగాని ఆ అధ్యాయము చెప్పదు. పిల్లలను కని పెంచి, సంసారము సాగించుకొనుచు నడచెను. అంతే. సద్దిమూట కట్టుకొని పొలము పనికి పోవు మన జనులకు బైబిలులో ఇంత దగ్గరి మనిషి మరియొకడు లేడని మేము తరచుగా అనుకొందుము.

వేసవిలో ప్రొద్దుటూరులోగాని జమ్మలమడుగులోగాని సువార్త సభలు జరిగినపుడు మన గ్రామములనుండి ట్రాక్టర్లు నిండిపోవును. మూడు రాత్రులు పాడుదుము, ఏడ్చుదుము, చేతులెత్తి తీర్మానములు చేసికొందుము. నల్లరేగడిలో శనగ విత్తు నాటికి ఆ తీర్మానము ఏమాయెనో చేసినవానికే జ్ఞాపకముండదు. సభలు చెడ్డవని మేము చెప్పుట లేదు. మేమును అట్టి సభలోనే పిలుపు పొందినవారము. కాని పులివెందుల వైపు చీనీ తోటలు పెట్టిన రైతుల నడిగి చూడుడి. డ్రిప్పు గొట్టము చుక్కచుక్కగా చెట్టు మొదట తడుపుచుండును గనుక తోట నిలుచుచున్నది. ఒకనాడు పది ట్యాంకర్ల నీళ్లు తోలి నెల దినములు ఊరకుండిన రైతు తోట ఎట్లుండునో వారు చెప్పుదురు.

ఈ నెల మేము తలచుకొనదలచిన దైవజనుడు డోర్నకల్ బిషప్ అజరయ్యగారు. ఆయన పేరు వినని తెలుగు సంఘము లేదు. అయినను ఆయనను గూర్చి మనము చెప్పుకొనునది సాధారణముగా ఒక్కటే, ఆంగ్లికన్ సంఘములో భారతీయులలో మొదటి బిషప్ అని. అది నిజమే. కాని ఆ పదవి ఆయనకు ఒక్క దినమున వచ్చినది. ఆయన నడక మాత్రము ఏబది సంవత్సరములు పట్టినది. మేము వ్రాయునది ఆ నడకను గూర్చి.

వేదనాయగము శామ్యూల్ అజరయ్యగారు 1874 ఆగస్టు 17వ తేదీన తమిళ దేశములో తిరునెల్వేలి ప్రాంతమందలి వెల్లాలన్‌విలై అను గ్రామమున జన్మించిరి. తండ్రి తోమా వేదనాయగముగారు హిందూ కుటుంబములో పుట్టి, ప్రభువును తెలిసికొని, ఆ గ్రామ సంఘమునకు గురువైనవారు. తల్లి ఎల్లెనమ్మగారు. వారికి మొదట ఒక ఆడబిడ్డ కలిగి, ఆ తరువాత పదమూడు సంవత్సరములు సంతానము లేకపోయెను. హన్నావలె ప్రార్థించి పొందిన బిడ్డ గనుక శామ్యూల్ అను పేరు పెట్టుకొనిరి. 1889లో తండ్రి ప్రభువునందు నిద్రించిరి. బాలునికి పదునైదేండ్లు నిండలేదు. అటుపైన పెంపకమంతయు తల్లిదే. గురువు లేని గురువుగారింటిలో విధవరాలు పిల్లవానిని ఎట్లు పెంచునో మన గ్రామములలో చూచినవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

మద్రాసు క్రైస్తవ కళాశాలలో ఆయన లెక్కల శాస్త్రము చదివిరి. పరీక్షల సమయమున జబ్బుపడి బి.ఏ. పట్టము పొందకుండగనే 1893లో చదువు ముగించుకొనిరి. మరల కూర్చుండి వ్రాయలేదు. పట్టము లేని ఆయనకే 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమువారు గౌరవ డాక్టరు పట్టమిచ్చిరి. మన యువకులలో పరీక్ష తప్పి ఇంట కుమిలిపోవుచున్నవారు ఈ సంగతి తెలిసికొనవలెనని దారిలో ఒక మాటగా చెప్పుచున్నాము.

ఆ తరువాత వై.ఎం.సి.ఏ.లో కార్యదర్శిగా చేరి, 1909 వరకు దక్షిణ దేశమంతట యువకుల మధ్య పనిచేసిరి. అమెరికానుండి వచ్చిన షెర్వుడ్ ఎడ్డీగారు ఆయనకు ప్రాణస్నేహితులైరి. ఇద్దరును కలిసి తిరిగిరి, కలిసి ప్రార్థించిరి. తెల్లవారికిని మనవారికిని మధ్య అట్టి స్నేహము ఆ దినములలో అరుదు. 1898లో ఆయన వివాహము అన్బు మరియమ్మాళ్ గారితో జరిగెను. ఆమె ఆ కాలమున కళాశాల చదువు చదివిన కొద్దిమంది క్రైస్తవ స్త్రీలలో ఒకరు. వరకట్నము పుచ్చుకొనక, నలువది రూపాయల ఖర్చుతో ఆ పెండ్లి ముగించిరి. ఇంటి బిడ్డ పెండ్లికి పొలము తాకట్టు పెట్టిన కుటుంబములు మా పాస్టరేటులోనే మాకు తెలిసియున్నవి. పెండ్లి మంటపమునుండియే నడక సరిగా మొదలుపెట్టినవారు అజరయ్యగారు.

1902లో ఆయన సింహళ ద్వీపమందలి యాళ్పాణమునకు వెళ్లి, అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత ధనముతో సువార్తికులను పంపుచుండుట చూచిరి. ఆ చూచినది ఆయనను నిలువనీయలేదు. మరుసటి సంవత్సరము, 1903 ఫిబ్రవరిలో, తిరునెల్వేలి భారత మిషనెరీ సంఘము ఏర్పడెను. పరదేశపు పైకము లేకుండ మనవారే మనవారిని పంపవలెనని దాని నియమము. 1905 క్రిస్మసు దినమున శ్రీరాంపూరులో విలియం కేరీగారి గ్రంథాలయమునందు జాతీయ మిషనెరీ సంఘము స్థాపింపబడినపుడు దాని ముఖ్యులలో అజరయ్యగారు ఒకరు.

ఇక్కడ మేము కొంచెము ఆగవలసియున్నది. ఆయన వయస్సు ముప్పది దాటినది. దేశమంతట పేరున్నది. వేదికమీద నిలిచి యువకులను తెలుగు దేశమునకు పొమ్మని పిలుచుచున్నారు. ఆ మిషనెరీ సంఘమువారు పంపిన మొదటి పనివారు నైజాము రాజ్యములో డోర్నకల్ ప్రాంతమునకు వచ్చియున్నారు. అడవి, జ్వరములు, తెలియని భాష. అప్పుడు ఆయన మనస్సులో ఒక ప్రశ్న పుట్టెను. ఇతరులను పొమ్మని చెప్పి తాను పట్టణములో నిలిచియుండుట ఎట్లు? ఈ ప్రశ్న ఒక్క రాత్రిలో పుట్టి ఒక్క రాత్రిలో తీరినది కాదని మా అభిప్రాయము. ప్రతి ఉదయము మోకాళ్లమీద ఉండు మనుష్యుని వద్దకే అట్టి ప్రశ్న వచ్చును, ఆ చోటనే మరల మరల వచ్చును. 1909లో ఆయన గురుత్వాభిషేకము పొంది, వై.ఎం.సి.ఏ. పని విడిచి, భార్యాబిడ్డలతో డోర్నకల్ చేరిరి.

తమిళులకు తెలుగు సులభమని కొందరనుకొందురు. ముప్పదియైదేండ్ల వయస్సులో అక్షరములు దిద్దుకొనుట ఎవరికిని సులభము కాదు. ఆయన నేర్చుకొనిరి. మాల మాదిగ పల్లెలలో స్త్రీలకు అర్థమగునట్లు బోధించుటకు తగిన తెలుగు నేర్చుకొనిరి. ఎద్దుల బండిమీదను, కాలి నడకను గ్రామములు తిరిగిరి. దేశమంతట ఉపన్యాసములిచ్చినవారు వేపచెట్టు క్రింద ఇరువది మందికి పది ఆజ్ఞలు నేర్పుచుండిరి. చూచినవారిలో కొందరికి ఇది దిగిపోవుటగా తోచియుండును.

ఇప్పుడు ఆయన దినచర్య. ఉదయము నాలుగున్నర గంటలకే ఆయన లేచుదురు. పల్లె ఇంకను నిద్రలో ఉండగా, ప్రార్థనతోను వాక్య ధ్యానముతోను దినము మొదలగును. తన క్రిందనున్న గురువులను, పనివారిని, సంస్థలను పేరు పేరున ప్రభువు సన్నిధికి తీసికొనిపోవుదురు. మొదట ఆ పేర్లు కొద్దియే. ఆయన బిషపైన నాటికి ఆ అధ్యక్ష మండలములో అభిషేకము పొందిన దేశీయ గురువులు ఆరుగురు. తరువాత ఆ లెక్క వందకు మించెను. ఉపదేశకులు వేలలోనికి వచ్చిరి. విశ్వాసులు రెండు లక్షలు దాటిరి. పేర్లు పెరిగిన కొలది ప్రార్థన కురచ చేసికొనుట మనబోటివారికి తోచు ఉపాయము. ఆయన పేర్లు తగ్గించలేదు.

మేము సెమినరీలో చదువుకొనిన దినములలో ఆయన పేరు పరీక్షకొరకు చదివితిమి. తేదీలు వ్రాసితిమి, మార్కులు వచ్చినవి. ఆ నాలుగున్నర గంటలు మాత్రము మాకు అప్పుడు అంటలేదు. ఇది అంటిన విధము చెప్పుటకు మాకు సిగ్గుగానున్నది గాని చెప్పెదము. కొన్నేండ్ల క్రిందట మా గుడి కప్పు మరమ్మతు పెట్టుకొంటిమి. సిమెంటు, ఇనుము, మేస్త్రీలు, చందాల పుస్తకము, కార్యాలయముల చుట్టు తిరుగుట. ప్రొద్దున లేవగానే టెలిఫోను. ప్రభువు పనియే గదా చేయుచున్నామని ఉదయ ప్రార్థన విడిచితిమి. ఒక నెల కాదు, ఎనిమిది నెలలు. ఎవరును కనిపెట్టలేదు. ప్రసంగములు యథాప్రకారము జరిగినవి. ఒక సాయంకాలము పత్తి చేలలో పనిచేయు ఒక ముసలి తల్లి చావుబ్రతుకులలో ఉన్నదని పిలిచిరి. ఆమె ప్రక్కన మోకాళ్లూని నోరు తెరచితిమి. మాటలు వచ్చినవి, మేము మాత్రము అక్కడ లేము. ఆమెయే మా చేయి పట్టుకొని, తనకు వచ్చిన పరలోక ప్రార్థన తడబడుచు ముగించెను. ఆమె ప్రతి దినము కూలికి పోవుటకు ముందు గుడి మెట్లమీద రెండు నిమిషములు కూర్చుండి పోవునది. కప్పు వేయించినవారము మేము. గుడిని ఎరిగినది ఆమె.

అజరయ్యగారికి ఈ సంగతి బాగుగా తెలియును. అందుకే ఆయన తన దినచర్యను తన గదిలోనే ఉంచుకొనక, చదువురాని జనులకు సరిపడునట్లు పల్లెలలోనికి తెచ్చిరి. ప్రతి పల్లెలో ఉపదేశకుడు సాయంకాలము జనులను కూర్చి ప్రార్థన జరిపించును. పనినుండి వచ్చి, సంగటి తిని, అలసిన ఒళ్లతో కూర్చుండు జనులు. ఒక పాట, ఒక బైబిలు కథ, కొద్ది ప్రశ్నలు. పరలోక ప్రార్థన, విశ్వాస ప్రమాణము, పది ఆజ్ఞలు నోటికి వచ్చువరకు రాత్రి వెనుక రాత్రి చెప్పించుట. డప్పు, తాళములు, భజన, కాలక్షేపము ఆయన త్రోసివేయలేదు. మన జనులకు ఏది తెలిసియున్నదో దానినే ప్రభువు పనికి వాడిరి. స్త్రీలు వంటకు బియ్యము తీయునపుడు ఒక పిడికెడు ప్రభువుకొరకు వేరుగా కుండలో వేయు అలవాటును ఆయన సంఘములలో ప్రోత్సహించిరి. బియ్యము లేని మన మెట్ట పల్లెలలో జొన్నలో కొర్రలో వేసిరని పెద్దలు చెప్పగా విన్నాము. ఆ పిడికెడు విలువ గొప్పది కాదు. కాని దినమునకు రెండుమారులు ఆ తల్లి చేయి ప్రభువును తలచుకొనెను. క్రైస్తవులు ఇచ్చుటను గూర్చి ఆయన ఒక పుస్తకమే వ్రాసిరి. ధనవంతులైన తరువాత ఇచ్చెదమనువారు ఎన్నడును ఇయ్యరని ఆయనకు పల్లెలు తిరిగి తెలిసినది.

మురికి, రోగము, అప్పు, త్రాగుడు అను నాలుగింటిని ఆయన పల్లెల దయ్యములుగా ఎంచి పోరాడిరి. ఇవి ఆత్మీయ సంగతులు కావని కొందరు బోధకులు ఇప్పటికిని అనుచుందురు. వారు శనివారము సాయంకాలము మా వీధికి వచ్చి చూడవలెను. త్రాగి వచ్చిన తండ్రి ఉన్న ఇంట కుటుంబ ప్రార్థన ఎట్లు జరుగును? వడ్డీవానికి భయపడి వెనుక దారిన గుడికి వచ్చువాడు ఎంత ధైర్యముగా పాడగలడు?

1910 జూన్ నెలలో స్కాట్లండు దేశమందలి ఎడింబరోలో ప్రపంచ మిషనెరీ మహాసభ జరిగెను. వచ్చినవారు సుమారు 1,200 మంది. ఆసియా సంఘములనుండి వచ్చినవారు ఇరువది మందికి మించలేదు. అజరయ్యగారు అక్కడ మాటలాడిరి. మిషనెరీలు మన జనులకొరకు ధనమిచ్చిరి, శ్రమపడిరి, ప్రాణములు కూడ ఇచ్చిరి. అందుకు ఆయన కృతజ్ఞత చెల్లించిరి. అయితే సాటి మనుష్యులుగా, స్నేహితులుగా మమ్మును దగ్గరకు తీయలేదని స్పష్టముగా చెప్పి, ఆ స్నేహమునే అడిగిరి. సభలో కొందరికి కోపము వచ్చెను. దొరల యెదుట మన గ్రామ గురువుగారి కుమారుడు అట్లు నిలిచి మాటలాడుట ఆ కాలమున చిన్న సంగతి కాదు. ఆయన ద్వేషముతో మాటలాడలేదు. ఎడ్డీగారి స్నేహము అనుభవించినవారు గనుక, ఏది లేకపోయెనో ఆయనకు తెలియును.

రెండు సంవత్సరముల తరువాత మద్రాసు బిషప్ వైట్‌హెడ్‌గారి ప్రోత్సాహముతో ఆయనను డోర్నకల్ బిషప్‌గా చేయవలెనను మాట వచ్చెను. మిషనెరీలలో అనేకులు ఎదిరించిరి. ఒక భారతీయుని క్రింద తెల్లవారు ఎట్లు పనిచేయుదురనిరి. విచారకరమైన సంగతి ఏమనగా, మనవారిలోను కొందరు ఎదిరించిరి. మనవాడు మనకంటె ఎక్కువవాడగుట మనకు గిట్టదు. ఈ రోగము డోర్నకల్‌లో పుట్టలేదు, అక్కడ చావలేదు. 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తా సెయింట్ పాల్స్ కథీడ్రలులో ఆయన అభిషేకము జరిగెను. వయస్సు ముప్పదియెనిమిది. ఆ దినమునుండి చనిపోవు వరకు 32 సంవత్సరములు ఆ సంఘములో సొంత అధ్యక్ష మండలముగల భారతీయ బిషప్ ఆయన ఒక్కరే. అందరి కండ్లు ఆయనమీదనే. ఒక్క తప్పు దొరికిన చాలు, భారతీయులు పనికిరారని చెప్పుటకు సిద్ధముగానున్నవారు కొందరు. అట్టి భారము క్రింద ముప్పది సంవత్సరములు నిలుచుట ఒక్క సభలోని ఉద్రేకముతో అగు పని కాదు.

ఆయనలో లోపములు లేవని మేము చెప్పము. క్రమశిక్షణలో ఆయన కఠినులని, పగ్గములు తన చేతిలోనే ఉంచుకొనిరని ఆయనతో పనిచేసినవారిలో కొందరికి తోచెను. 1930ల నాటి సంవత్సరములలో అంటరాని జనులు క్రైస్తవ మతమునకు మారుటను గూర్చి ఆయనకును గాంధీగారికిని తీవ్రమైన భేదము కలిగెను. దేశమును ప్రేమించిన ఇద్దరు పెద్దలు ఈ విషయమున కలియలేకపోయిరి. మాకు అజరయ్యగారి పక్షము న్యాయముగా తోచును. పల్లెలో వెలివేయబడినవాడు తనకు రక్షకుడెవరో తానే తెలిసికొని నిర్ణయించుకొనగలడని ఆయన నమ్మిరి. ఆ నమ్మకము పుస్తకములలోనుండి వచ్చినది కాదు, సాయంకాల ప్రార్థనలలో ఆయన చూచిన ముఖములనుండి వచ్చినది.

సంవత్సరమునకు ఒకమారు ఆయన సంఘములు సాక్ష్యపు వారము ఆచరించెడివి. కూలివారు, స్త్రీలు, అప్పుడే బాప్తిస్మము పొందినవారు కూడ ప్రొరుగూళ్లకు పోయి తమకు ప్రభువు చేసిన మేలు చెప్పుదురు. బాప్తిస్మము పొందిన సభ్యులచేత వారి తలమీద వారి చేయి పెట్టించి, సువార్త చెప్పకుండుట తమకు శ్రమ అను భావముగల అపొస్తలుని మాటను తమ మాటగా పలికించెడివారు. అయితే నోటి సాక్ష్యముకంటె ముందే మరియొక సాక్ష్యము పోయియుండెడిది. మాల మాదిగ పల్లెలలో త్రాగుడు తగ్గుట, ఇండ్లు శుభ్రమగుట, పిల్లలు బడికి పోవుట, దొంగతనము అబద్ధము మానుట ఊరివారు చూచిరి. వారినెన్నడును దగ్గరకు రానీయని పై కులములవారిలో వేలకొలది మంది ఆ మార్పు చూచి, ఆ జనుల వద్దకే వచ్చి యేసును గూర్చి అడిగిరి. పొలములో ప్రతి దినము తన ప్రక్కన కలుపు తీయుచున్న మనుష్యుని ఆరు సంవత్సరములు చూచినవానికి వేరే ప్రసంగము అక్కరలేకపోయెను.

డోర్నకల్‌లో కథీడ్రలు కట్టుటకు కూడ అట్లే చాల కాలము పట్టెను. మధ్యలో పని ఆగుచు, మరల సాగుచు, 1939 జనవరి 6వ తేదీన, ప్రభువు ప్రత్యక్షతా పండుగనాడు, ప్రతిష్ఠ జరిగెను. గుమ్మటములు మసీదును, స్తంభములు దేవాలయములను తలపునకు తెచ్చును. ఇంగ్లండు గుడిని పెరికి తెచ్చి నాటినట్లుండదు. చూడనివారు ఒకమారు పోయి చూడవలెను. ఆ ఊరు రైలు జంక్షనే గనుక ప్రయాణము కష్టము కాదు.

మన కడప జిల్లాకు ఆయనతో ఏమి సంబంధమని కొందరడుగవచ్చును. ఆయన అధ్యక్ష మండలము పెరిగినపుడు కర్నూలు, కడప జిల్లాలలో ఎస్.పి.జి. మిషనువారి తెలుగు సంఘములు అందులో చేరినవి. నంద్యాల, ముత్యాలపాడు, కలసపాడు ప్రాంతముల విశ్వాసులు ఆయన మందలోనివారే. మన జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల ప్రాంతములు మాత్రము లండను మిషనువారివి. వారు 1822లో కడపలో పని మొదలుపెట్టిరి. మనలో ఎందరో పుట్టిన జమ్మలమడుగు క్యాంబెల్ ఆసుపత్రి వారి చేతిపనియే. అనగా కలసపాడు క్రైస్తవుడును జమ్మలమడుగు క్రైస్తవుడును ఒకే జిల్లావారు, ఒకే ప్రభువునకు మ్రొక్కువారు, అయినను ఆ దినములలో ఒక బల్లయొద్ద కలిసి రొట్టె విరువకుండిరి. సముద్రమునకు ఆవల ఎప్పుడో పుట్టిన తగవులు మన పల్లెలలో గోడలు కట్టినవి.

ఆ గోడలు అజరయ్యగారికి నిద్రపట్టనీయలేదు. 1919 మే నెలలో తరంగంబాడిలో ముప్పదిముగ్గురు గురువులు కూడిరి. వారిలో ఇద్దరు తప్ప అందరును భారతీయులే. ఆంగ్లికన్ సంఘమును, మన లండను మిషను సంఘములు 1908నుండి చేరియున్న దక్షిణ భారత ఐక్య సంఘమును ఒకటి కావలెనని ఆ కూటమునుండి పిలుపు వెలువడెను. అందులో ముందు నిలిచినవారిలో అజరయ్యగారు ఒకరు. అటుతరువాత కమిటీలు, సవరణలు, అభ్యంతరములు, మరల కమిటీలు. బిషప్పుల అధికారమును గూర్చి ఇరువది సంవత్సరములకు పైగా తర్కము. మేము సంఘ కమిటీలో రెండు గంటలు కూర్చుండుటకే విసుగుకొందుము. ఆయన పావు శతాబ్దము కూర్చుండిరి. ప్రతి సంవత్సరము వచ్చే సంవత్సరమే అగునన్నట్లుండెను, కాలేదు.

1945 జనవరి 1వ తేదీన, కొద్దికాలపు జబ్బు తరువాత, డోర్నకల్‌లో అజరయ్యగారు ప్రభువు సన్నిధికి చేరిరి. డెబ్బదియొక్క సంవత్సరము నడుచుచున్నది. కట్టవలెనని ఆశపడిన ఐక్య సంఘమును ఆయన చూడలేదు. 1947 సెప్టెంబరు 27వ తేదీన మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ప్రారంభమైనపుడు ఆయన మరణించి రెండేండ్లు దాటినది. ఈనాడు మన గుడి బోర్డుమీద సి.ఎస్.ఐ. అని మూడక్షరములు చూచి లోపలికి పోవుచున్నాము. మోషేవలె ఆయన ఆ దేశమును దూరమునుండి చూచిరేమో. అయినను ఆఖరు సంవత్సరము వరకు నాలుగున్నరకు లేచిరి, పేర్లు చదివిరి, పల్లెలకు పోయిరి.

మేము గత వేసవిలో ఒక నోటుపుస్తకము కొని, మా సంఘములోని కుటుంబముల పేర్లన్నియు వ్రాసికొంటిమి. నాలుగున్నర మాకు సాధ్యము కాలేదు, ఐదు గంటలకు లేచుచున్నాము. అక్షర క్రమములో వ్రాసినందున మొదటి పుటలోనే ఇద్దరి పేర్లు వచ్చినవి. గుడి కప్పు లెక్కల విషయమున మాతో మాటలు మానినవారు వారు. తప్పు కొంత మాదియును ఉన్నది. మొదటి వారమంతయు ఆ రెండు పేర్లవద్ద గొంతు పట్టుకొనెను. ఒక ఉదయము వాటిని దాటి చదివి, సిగ్గుపడి వెనుకకు తిరిగితిమి. మూడవ నెలలో వారిలో ఒకరి యింటికి మేమే పోయి, లెక్కల పుస్తకము వారి ముందు పెట్టితిమి. ఆయన మజ్జిగ ఇచ్చిరి. రెండవవారు ఇంకను గుడికి రాలేదు, మేమును ఇంకను వారి గడప త్రొక్కలేదు. చీనీ కోతలు కాగానే పోదుమని అనుకొనుచున్నాము.